పుచ్చిన దుంగ మీది ప్రాణం

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఏడు సముద్రాలు దాటి కరాళకేశుడనే మాంత్రికుణ్ణి చంపి వస్తానని వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు అన్నను తీసుకొస్తానని వెళ్ళాడు, వాడూ రాలేదు. కడగొట్టువాడైన మణికేతుడికి ఒళ్ళు మండింది. అసలే వాడికి కోపం ముక్కు మీద ఉంటుంది. తల్లి కట్టిన అటుకుల మూట కూడా మరిచిపోయి ఓడెక్కాడు.

ఏడు సముద్రాలూ దాటి మాంత్రికుడి దీవిలో దిగాడు. అక్కడ ఎవరిని చూసినా కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ఆ దేశపు రాకుమారి చెంగల్వకూ అంతే. ఏమిటిదని అడిగితే ఆమె చెప్పింది. అడవిలో పచ్చి చెట్లు ఎన్నయినా నరుక్కోవచ్చునట, మాంత్రికుడు పల్లెత్తు మాట అనడట. కింద పడ్డ ఎండు పుల్ల ముట్టుకుంటే మాత్రం మనిషిని దుంగను చేసేస్తాడట. అందరి కళ్ళూ పచ్చికట్టెల పొగకే అలా అయ్యాయి. ఇదేం న్యాయమని అడిగినందుకు ఆమె తండ్రి కూడా దుంగయ్యాడు.

అది విని మణికేతుడు పళ్ళు కొరుకుతూ మాంత్రికుడి గుహకు పరుగెత్తాడు. వాడి ప్రాణం చిలకలో ఉందని లోకమంతా చెప్పుకునేదే కదా! గుహలో పంజరం కనిపించగానే చిలక మెడ పట్టుకున్నాడు.

చిలకకు అంతకంటే కోపం వచ్చింది. "మీ అన్నలూ ఇలాగే నా మెడ పట్టుకున్నారు. నాలో ప్రాణముందని ఊరూరా చాటించింది వాడే. మీరు నా పీక పిసుకుతుంటే వాడు వెనక నుంచి వచ్చి మంత్రదండంతో కొడతాడు. పచ్చి చెట్టు జోలికి రానివాడు పుచ్చుకట్టె ముట్టుకుంటే ఎందుకు మండిపడతాడో, ఒక్కడికైనా తోచిందా?" అంది.

మణికేతుడు సిగ్గుపడి చిలకను వదిలాడు. అది అతన్ని గుహ వెనక్కి తీసుకుపోయింది. అక్కడ దుంగలు వరసగా పడి ఉన్నాయి. అన్నిటికంటే పుచ్చిన దుంగ మీద ఒక వింత నాచు. దానికి ఆకుల్లేవు. సన్నని కాడ, కాడ కొసన వడ్లగింజంత కాయ, అంతే. ఆ నాచు బతికున్న చెట్టు మీద మొలవదు, పుచ్చిన మాను మీదే మొలుస్తుంది. ఒక దుంగ మట్టయిపోతే దానికి ఇంకో దుంగ కావాలి. ఆ కాయలోనే మాంత్రికుడి ప్రాణం ఉందని చెప్పింది చిలక. అందుకే వాడు మనుషుల్ని దుంగలు చేస్తున్నాడు.

మణికేతుడు కత్తి ఎత్తాడు. అప్పుడు కనిపించింది, దుంగ కొమ్మకు బిగుసుకుపోయిన పెద్దన్న ఉంగరం.

"నరుకు నాయనా," అన్నాడు వెనక నుంచి కరాళకేశుడు. "నరికితే మీ అన్న రెండు ముక్కలవుతాడు."

వాడు దండం ఎత్తేలోపలే చిలక వాడి కళ్ళ మీద పడి పొడిచింది. మణికేతుడికి కోపం తలకెక్కింది. అయినా కత్తి పారేసి, రెండు వేళ్ళతో ఆ కాయను మెల్లగా నొక్కాడు. పచ్చని ధూళి ఒక్కసారి పొగలా లేచి గాలిలో కలిసిపోయింది. మాంత్రికుడు ఉన్నచోటనే కూలాడు.

దుంగలన్నీ మనుషులై లేచాయి. చెంగల్వ తండ్రి లేచాడు, రెండో అన్న లేచాడు. పెద్దన్న కూడా లేచాడు కానీ, పుచ్చిపోయిన కుడిచేతి వేళ్ళు మూడు తిరిగి రాలేదు.

మణికేతుడికీ చెంగల్వకూ పెళ్ళయింది. దీవిలో ఇంటింటా ఎండుకట్టెల మంట మీద పెళ్ళివంట వండారు. పెద్దన్న అక్షింతలు వెయ్యబోతే సగం గింజలు చేతిలోంచి జారిపోయాయి. అది చూసి పెళ్ళికొడుక్కి మళ్ళీ ఒళ్ళు మండింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాలిన పుల్ల ఏరుకున్నవాళ్ళదేనని పీటల మీదే చాటింపు వేయించాడు. మామ తర్వాత ఆ దీవికి రాజై, ఆ మాట తప్పకుండా చాలాకాలం రాజ్యమేలాడు. ఆ కోపం మాత్రం చివరిదాకా పోలేదు, పోనివ్వలేదు కూడా.