వీహే కుండలో విత్తులు

అనగనగా ఒక ఊరు. ఆ కాళ్ళు ఆడించడం ఆపితేనే చెప్తాను, ఆఁ. సముద్రాలకి అవతల, అమెరికాలో, రెండు పెద్ద నదులు కలిసేచోట ఉండేదా ఊరు. అక్కడివాళ్ళని క్వాపా వాళ్ళంటారు.

ఆ ఊళ్ళో ఒక అవ్వ, ఆవిడకో మనవరాలు. పేరు వీహే, అచ్చం నీలాగే నసపిల్ల. వాళ్ళ ఏరు ఏటా ఒక్కసారే పొంగేది. వరద తియ్యగానే అవ్వ ఆ ఒండ్రులో మొక్కజొన్న వేసేది. మంచి కంకులు ఏరి, మరుసటేటికి విత్తులు మట్టికుండలో దాచేది. "నేను పోయాక ఈ కుండ నీదేనే," అనేది వీహేతో.

అప్పుడు తెల్లదొరలు వచ్చారు. వీళ్ళేం చేశారనుకున్నావు? చాప వేసి, కూర్చోబెట్టి, కడుపునిండా పెట్టారు, పిచ్చి మాలోకాలు! తిన్నవాళ్ళు ఊరుకున్నారా? ఇక్కడ పత్తి వేసుకుంటామని కాగితం మీద గుర్తు పెట్టించుకున్నారు. కొన్నాళ్ళకి ఇంకో కాగితం. ఆ తర్వాత, ఊరే వదిలి పొమ్మన్నారు. వాళ్ళ చేతులు పడిపోను!

అవ్వ కుండ చంకనెట్టుకుని, వీహే చెయ్యి పట్టుకుని, ఊరందరితో పాటు చలిలో నడిచింది. నడిచి నడిచి ఎర్రనీళ్ళ ఏటి ఒడ్డుకి చేరారు. అప్పటికే అక్కడ వరద వచ్చి తీసింది. "ఇంక ఈ ఏడు పొంగదులే," అని, తన ఏటి అలవాటునే నమ్ముకుని, అవ్వ సగం విత్తులు వేసింది. మొలకలు జానెడు లేచాయో లేదో, మళ్ళీ వరద. గుప్పెడు ఉంచుకుని తక్కినవీ వేసింది. మళ్ళీ వరద. ఆ ఏటి బుద్ధి ఆవిడకేం తెలుసు తల్లీ!

తిండి లేక జనం రాలిపోయారు. "అవ్వా, ఆ గుప్పెడూ ఉడకెయ్యవే," అని ఏడ్చింది వీహే. "అవి తింటే మళ్ళీ ఏం వేస్తామే?" అంది అవ్వ. రెండోరోజూ అదే మాట. మూడోరోజు పిల్లకి ఏడవడానికి కూడా ఓపిక లేదు. అప్పుడు అవ్వ ఆ విత్తులు ఉడికించి, గంజి వీహే నోట్లో పోసింది. తనొక్క చుక్క తాగలేదు. పిల్ల బతికింది. అవ్వ పోయింది.

ఆ తర్వాత వీహే, మిగిలినవాళ్ళ వెంట, ఖాళీ కుండతో సొంత ఏటికి తిరిగొచ్చింది. అవ్వ చేలో పత్తి విరగకాసి ఉంది. వీహే గట్టున కూర్చుంది. ఒక దొర వచ్చి, "ఎవరు నువ్వు? ఇక్కడేం పని?" అన్నాడు. అవ్వ వండిపెడితే తిన్నవాడే! మళ్ళీ తరిమేశారు. ఎటు పొమ్మంటే అటు పోయింది.

విత్తులు మళ్ళీ దొరికాయా అంటావేం? లేదే అమ్మా. నాకు మాత్రం ఏడుపు రాదూ? కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
విత్తేమో వరదకి,
మనమేమో ఇంటికి,
వీహే ఏ ఇంటికి?