చెంగమ్మ పట్టుకున్న గుడ్డ

ఏటికి ఏడాది పొడుగునా నీళ్లుండే కాలంలో, కలంకారీ గుడ్డలు రాసే ఊరొకటి ఉండేదంట. ఆ ఊళ్లో రాసేవాళ్లు చాలామంది. జాడించే మనిషి ఒక్కతే. ఆమె పేరు చెంగమ్మ.

కరక్కాయ, బర్రెపాలలో నానేసిన గుడ్డ మీద వెదురు కలంతో బొమ్మ రాస్తారు. రంగు రంగుకీ ఆ గుడ్డను పారే నీళ్లలో జాడించాలి. గట్టిగా జాడిస్తే గీత చెదురుతుంది, మెత్తగా జాడిస్తే మడ్డి పోదు. ఆ పట్టు చెంగమ్మ చేతికే తెలుసు. నలుపుకొకసారి, ఎరుపుకొకసారి, నీలానికొకసారి ఏట్లో దిగేది. నీళ్లలో నిలబడీ నిలబడీ ఆమె పాదాలు తెల్లగా నానిపోయి ఉండేవంట.

ఆమెకు ఒక్కతే కూతురు, పోలి. పదేళ్లు నిండకుండానే అమ్మవారు పోసి చచ్చిపోయింది. చెంగమ్మ మూడు రోజులు ఏటికి రాలేదు. నాలుగో రోజు వచ్చి గుడ్డ అందుకుంది. కొన్నాళ్లకి, బొమ్మలు రాసే గంగులప్పతో ఒకే ఒక్క మాట అంది.

"అప్పా, దాని మొగం నాకు మరపుకొస్తా ఉంది."

గంగులప్ప ఆ ఊళ్లోకెల్లా గొప్ప పనివాడు. ఆ యేడు గుడికోసం దేవుడి పెళ్లి రాస్తున్నాడు. పెళ్లి ఊరేగింపులో పూలబుట్ట పట్టుకున్న పిల్లకు పోలి మొగం రాశాడు. కడపటి జాడింపుకు గుడ్డ ఇచ్చేటప్పుడు చెంగమ్మకు వేలుపెట్టి చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకోలేదు. గుడ్డను చంకనేసుకుని ఏటికి పోయింది.

పైన కొండల్లో వాన పడిన సంగతి ఎవరికీ తెలియదు. నీళ్లు ఎర్రగా వచ్చాయి. మోకాళ్ల లోతు నడుముకొచ్చింది. తడిసిన గుడ్డ ఆమెను లాక్కుపోతా ఉంది. గట్టు మీదోళ్లు, "వదిలెయ్ చెంగమ్మా" అన్నారు.

"పోలి ఉందిందులో" అంది.

నడుము లోతు రొమ్ముకొచ్చింది. గంగులప్ప పరుగెత్తుకొచ్చాడు. "వదిలెయ్ చెంగమ్మా, మళ్లీ రాసిస్తా" అన్నాడు.

"మళ్లీ రాస్తే ఇది కాదప్పా" అంది.

మూడోసారి పిలిచేసరికి పలికే మనిషి లేదు.

మూడూళ్ల అవతల జమ్ము పొదల్లో దొరికింది. గుడ్డ రెండు చేతులకీ చుట్టుకుని ఉంది. రంగు చెదరలేదు. గుడికి ఇంకొకటి రాసిస్తానని చెప్పి, గంగులప్ప ఆ గుడ్డనే ఆమె మీద కప్పించాడు. దేవుడి పెళ్లంతా ఆమెతో పాటు మట్టిలోకి పోయింది. నేను చూపించకుండా ఉంటే వదిలేసేది కదా అని, బతికినన్నాళ్లూ అతను కుమిలిపోయాడంట.

ఆ ఊళ్లో ఇప్పటికీ జాడించడానికి ఒక్కరే ఏట్లో దిగరు. ఇద్దరు చెరో కొసా పట్టుకుంటారు. గుడ్డ నీళ్లకు తగలకముందే మెల్లగా ఒక మాట అంటారు.

"ఇంక వదిలెయ్ చెంగమ్మా. మేం పట్టుకున్నాం."

అన్నాకే ముంచుతారు.