కొంగ ముక్కు కొలత

వాగు దారి మార్చుకుని అటు పోయాక, ఇటు రాళ్ల మధ్య ఒక మడుగు ఒంటరిగా మిగిలింది. నీళ్లలో జెల్లచేపలు, ఒడ్డున ధవళయ్య అనే కొంగ, అందరికీ పెద్దగా ఒక తాబేలు తాత. ధవళయ్య వాళ్ల తాత ఎప్పుడో ఈ చేపలకు తన వంశం తరఫున ఒక మాటిచ్చాడు. తమ ముక్కు కంటే పొడవు పెరిగిన చేపనే తింటారట, చిన్నవాటి జోలికి రారట. చేపలు ఆయన్ని ధర్మాత్ముడన్నాయి. పెద్ద ముద్ద కోసం ఆగేవాళ్లను అలా పొగడటం నేను ఇంకా చాలాచోట్ల చూశాను.

అప్పటినుంచి ఆ మడుగులో పిల్లలు ఎదుగుతుంటే తల్లులకు భయం. చుక్కమ్మ అనే జెల్ల తన కూతురు చిన్నిని రోజూ నీళ్లలో పడి ఉన్న తుంగకాడ పక్కన పడుకోబెట్టి కొలిచేది. కాడ మీద కొంగ ముక్కంత పొడవు దగ్గర పెద్దలు కొరికి పెట్టిన గాటు ఉంది. పిల్ల ఆ గాటుకు వేలెడు దూరంలోకి వచ్చేసింది. తక్కువ తినమని చుక్కమ్మ కసురుకునేది, కసిరినందుకు మళ్లీ తనే ఏడ్చేది.

"తిండి మాన్పిస్తే పిల్ల నీరసపడుతుంది గానీ వాటం మారదమ్మా. నువ్వు పుట్టుకతోనే పొట్టిదానివి, దానికీ నీ పొడవే వస్తుంది" అన్నాడు తాబేలు తాత. చుక్కమ్మకు నమ్మకం కుదరలేదు.

ఆ ఏడు గాటు దాటిన చేప ఒక్కటీ కనబడక ధవళయ్య చిక్కి సగమయ్యాడు. ఒక పొద్దున ఆకలికి తాళలేక మాట తప్పాడు. గాటు చేరకుండానే ఎదుగుదల ఆగిన చిన్ని అప్పుడే గుడ్లు పెట్టి ఇవతలికి వస్తోంది. ముక్కు నీళ్లలోకి దిగింది. చిన్ని చటుక్కున రెండు రాళ్ల సందులోకి దూరింది, ముక్కు రాయికి తగిలి చివర చిట్లింది.

"ఆ సందులో చేప ఎలా పట్టింది తాతా? మా తాత రోజుల్లో మూరెడు జెల్లలుండేవన్నావుగా. ఇవి కావాలనే పెరగడం మానేశాయా?" అని ధవళయ్య మూలిగాడు.

"కావాలని ఎవరూ ఏమీ చెయ్యలేదు నాయనా. పొడుగువి గుడ్లు పెట్టకముందే మీ పొట్టల్లోకి పోయాయి. మిగిలిన పొట్టివి పిల్లల్ని కన్నాయి. ఆ పిల్లల్లోనూ పొడుగువాటిని మీరే ఏరారు. మీ మూడు తరాలూ ఇదే పని. ఈ సందులో పట్టే చేపను తయారుచేసింది మీ ముక్కే."

మొన్న వరదకు ధవళయ్య చెట్టెక్కి కూర్చున్న నాలుగు రోజుల్లో వాగు జెల్లలు ఇటొచ్చాయని కూడా తాత చెప్పాడు. వీటిని చూసి ఇవేం చేపలని అడిగాయట. గుడ్ల కాలమే అయినా ఏ ఒక్కటీ జతకట్టకుండా నీటితోపాటే వెళ్లిపోయాయట. ఒకప్పుడు ఒక్క తల్లి పిల్లలే, ఇప్పుడు వేరే జాతి.

ధవళయ్య ఖాళీ కడుపుతో ఎగిరిపోయాడు. చిన్ని బయటికొచ్చి, అలవాటు కొద్దీ తుంగకాడ పక్కన పడుకుంది. చుక్కమ్మ దాని దగ్గరికి వచ్చింది. "కొలతలు తర్వాత, ముందు ఏమైనా తిను" అంది, ఆకాశం వైపు చూస్తూ.

నీతి: ఏరి తిన్నవాటితో కాదు, వదిలేసినవాటి పిల్లలతోనే రేపు మన పని.