మడమతో నాటిన గింజ

కంచంలో నాలుగు మెతుకులు వదిలేసి వచ్చావేమే వైదేహీ? సరే, పడుకో. ముందు కథ విను.

అనగనగా సముద్రానికి అవతల, ఆఫ్రికాలో, ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో యేమా అనే తల్లి ఉండేది. ఆ ఊళ్ళో వరి విత్తాలంటే ఆమెనే పిలిచేవారు.

ఒకనాడు దొంగలు ఊరిమీద పడ్డారు. పశువులను తోలినట్టు మనుషులను తోలి ఓడ ఎక్కించారు. ఆ తర్వాత యేమానూ, కాది అనే ఆమె కూతుర్నీ అమెరికాలో ఒక దొర కొనుక్కున్నాడు. మనిషిని మనిషి కొనడానికి ఆనాటి చట్టం ఒప్పుకుంది. చట్టం ఒప్పుకుంటే పాపం పుణ్యమైపోదు, గుర్తుంచుకో.

దొరకి వరి మీద ఆశే కానీ, వరి సంగతి తెలియదు. మొదట పొడి విత్తనం చల్లించాడు. పిట్టలు తినేశాయి. ఆ తర్వాత నీళ్ళు పెట్టించి చల్లించాడు. గింజలు తేలి కొట్టుకుపోయాయి. ఇక ఒక్క బస్తా మిగిలింది.

"ఇదీ మొలవకపోతే నీ కూతుర్ని అమ్మేస్తాను" అన్నాడు యేమాతో.

యేమా తల వంచలేదు. "అయితే నన్ను నా పద్ధతిలో విత్తనివ్వండి దొరా" అంది.

అప్పుడు బంకమట్టి తడిపింది. అందులో గింజలు పోసి, తల్లీకూతుళ్ళు కాళ్ళతో తొక్కారు. గింజ గింజకీ మట్టి పట్టింది.

పని చేయించడానికి దొర పెట్టిన మేస్త్రీ నవ్వాడు. "గింజలకి బురదా? పిండివంట చేస్తున్నావా ఏం?"

"పిండివంటే అయ్యా. పిట్టలకి మాత్రం రుచించదు."

మర్నాడు మడమతో నేల నొక్కి, ఆ గుంటలో గింజలు వేసి, కాలివేళ్ళతో మట్టి కప్పారు. ఆ తర్వాత నీళ్ళు వదిలారు. మట్టి బరువుకి గింజ తేలలేదు. పిట్టకి కనబడలేదు.

ఒక రోజు, రెండు రోజులు, వారం. గట్టు మీంచి చూస్తే మొలక కనబడలేదు. దొర కాదిని తీసుకుపోవడానికి బండి కట్టించాడు.

యేమా ఏడవలేదు. "ఒక్కసారి మడిలోకి రండి" అంది. వంగి చూస్తే, మడమ గుర్తు గుర్తులోనూ సూదంత పచ్చటి మొలక! బండి ఖాళీగా వెనక్కి పోయింది.

గాదెలు నిండాయి. "అంతా నా తెలివే" అని దొర చెప్పుకున్నాడు.

"యేమా పారిపోలేదా అమ్మమ్మా?"

చుట్టూ తుపాకులు, కుక్కలు. కూతుర్ని వదిలి ఎక్కడికి పోతుందే? తన విద్యని కూతురికి నేర్పింది. కాది తన కూతురికి నేర్పింది. ఆ పిల్ల పెద్దయ్యాక బానిసత్వం పోయింది. సొంత మడిలో మొదటి గింజ మడమతో నొక్కి, అందరూ వినేలా చెప్పింది: "ఇది దొర తెలివి కాదు. మా అమ్మమ్మ యేమా విద్య."

ఏమే, ఎక్కడికి లేచావు? మెతుకులు తినడానికా? మంచిది, వెళ్ళు.

మడమ నొక్కిన చోట మొలక లేచె,
మనవరాలి నోట పేరు నిలిచె.
కథేమో నడిచి కంచికి చేరె,
కంచం కడిగితే మన పని తీరె.