ఒక్కసారి ఆపిన పెట్టె

దేవుడు తెలివి పంచిన రోజున లోకమంతా చేటలు పట్టుకెళ్తే, కూర్మయ్య తాతలు నాలుగు బళ్ళు కట్టుకెళ్ళారట. చూసినవాళ్ళెవరూ లేరు, చెప్పింది కూర్మయ్యే. "సెప్పిన మాట సెప్పినట్టు సేసే కొంప మాది. మజ్జిలో సొంత బుర్ర కలిపి మాట పాడుసెయ్యం" అని మీసం దువ్వేవాడు. పెళ్ళాం పైడమ్మ, తమ్ముడు ఎర్రయ్య తలలూపేవారు.

మూడు తరాలుగా బియ్యం మిల్లు పొగగొట్టానికి రంగు వేసేది వాళ్ళే. అదేం పొగగొట్టం! పైనుంచి కుంచె జారితే, అది నేలకు చేరేలోపు అన్నం తిని చెయ్యి కడుక్కోవచ్చు.

ఆ ఏడు పట్నం నుంచి వసుంధర అనే సేఫ్టీ ఆఫీసరు వచ్చి, కూర్మయ్య చేతిలో ఒక ఇనప పెట్టె పెట్టింది. లోపల తాడు. మనిషి కదిలేకొద్దీ అది తనంతట తానే చుట్టుకుంటుంది, వదులుతుంది. మనిషి జారాడా, ఠక్కున బిగుసుకుని ఆపేస్తుంది.

"రూల్సు మారాయి కూర్మయ్యగారూ. ఇదివరకు పెట్టె కాళ్ళ దగ్గర తగిలించినా అడిగేవారు కాదు. ఇకమీదట తలకంటే పైనే ఉండాలి. ఎక్కేముందు ప్రతిసారీ తాడు విసురుగా లాగి, పట్టుకుంటోందో లేదో చూడాలి. మిగతావన్నీ ఈ కాగితంలో ఉన్నాయి. రేపు నేను చూసి సంతకం పెడితేనే పని మీది. లేదంటే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు."

కూర్మయ్య కాగితం కళ్ళకద్దుకున్నాడు. "ఒక్క అచ్చరం పొల్లుపోనివ్వం తల్లీ" అన్నాడు.

ఇంకేముంది, ఇంటికెళ్ళగానే ఎర్రయ్య వీపుకి వెదురుకర్ర కట్టి, దాని కొసన పెట్టె వేలాడదీశాడు. తలకంటే సరిగ్గా జానెడు పైన!

"ఇప్పుడు ఏ మూలకెళ్ళినా పైనే ఉంటాది" అని మురిసిపోయాడు.

అంతే, ఎర్రయ్య గుమ్మంలో పట్టలేదు. పైడమ్మ గునపం తెచ్చి గుమ్మం మీది గోడ పడగొట్టింది. రూలు ముందు గోడెంత!

తరవాత ఎక్కేముందు లాగడం. అరుగు ఎక్కేముందు ముగ్గురూ తాడు లాగారు. మంచం ఎక్కేముందు లాగారు. తెల్లారి బస్సు ఎక్కేముందు ఒకరి తరవాత ఒకరు లాగుతుంటే, మూడు బస్సులు దుమ్ము కొట్టి పోయాయి. "నడిసిపోదాం వదినా, నడకలో ఎక్కేదేటీ నేదు" అన్నాడు ఎర్రయ్య. ఆ తెలివికి వదిన మెటికలు విరిచింది.

వెదురుకర్ర చూసి ఆఫీసరమ్మ కాసేపు నేలమీదే కూర్చుండిపోయింది. లేచి కర్ర విప్పించి, పొగగొట్టం పైనున్న కొక్కేనికి మిల్లువాళ్ళతో పెట్టె బిగింపించింది. ఎర్రయ్యకు బెల్టు తొడిగి, తాడు వీపుకి తగిలించి, టీ తాగడానికి అటు తిరిగింది.

ఎర్రయ్య పొగగొట్టం నిచ్చెన ఎక్కుతూ, మెట్టుకి ముందు రంగు వేశాడు, తరవాత దానిమీదే కాలు వేశాడు. జర్రున జారాడు. ఠక్! పెట్టె పట్టుకుంది. తాడిచెట్టంత ఎత్తులో, దండెం మీద లుంగీలా ఊగుతున్నాడు.

కింద పైడమ్మ కాగితం కూడబలుక్కుంది. "మనిషిని ఒక్కసారి ఆపిన పెట్టెను వెంటనే వాడటం మానెయ్యాలి. ఎర్ర చీటీ కట్టి వెనక్కి పంపాలి."

కూర్మయ్య తలెత్తి అరిచాడు. "ఒరే ఎర్రయ్యా! నువ్వు యేలాడుతున్నావంటే దాన్ని వాడుతున్నట్టేరా!"

"నిజమే అన్నయ్యా! మరేటి సెయ్యను?"

"వెంటనే అని రాసినారు. ఆయమ్మ ఇటు తిరిగిందంటే మన పని పోద్ది. బెల్టు ఇప్పెయ్!"

"ఇప్పేత్తే పడిపోతాను కదేటి?"

"పైడీ, పడకూడదని ఎక్కడైనా ఉందా?"

పైడమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "నేదయ్యా."

అంతే! ఎర్రయ్య బకిల్సు విప్పేశాడు. కింద ఊక కుప్ప ఉంది కాబట్టి సరిపోయింది. మెడదాకా దిగబడ్డాడు.

పైడమ్మ వెంటనే తన ఎర్రచీర కొంగు చించి ఊక కుప్పకు ఎర్రగుడ్డ కట్టేసింది. "ఇదీ మనిషిని ఆపింది. ఇంక దీన్ని వాడకూడదు" అని అడ్డం నిలబడి, బాయిలర్లోకి ఒక్క తట్ట ఊక పోనివ్వలేదు. మిల్లు ఆగిపోయింది.

టీ గ్లాసు విసిరేసి ఆఫీసరమ్మ పరుగెత్తుకొచ్చింది. ఎర్రయ్య ఊకలోంచి లేచి, కళ్ళు తిరిగి వెనక్కి తూలాడు. ఆవిడ చటుక్కున చెయ్యి పట్టుకుని ఆపింది.

ముగ్గురూ ఆవిడ వంక చూశారు. తరవాత కాగితం వంక చూశారు.

"అయ్యో తల్లీ" అన్నాడు కూర్మయ్య జాలిగా.

ఇంకేముంది, ఆవిడ మెడలో ఎర్రగుడ్డ పడింది. ఎర్రయ్య, పైడమ్మ చెరో రెక్కా పట్టుకుని పట్నం బస్సులో కూర్చోబెట్టారు. "సంతకం చెయ్యకుండా పంపేస్తే మీ పని పోతుందయ్యా!" అని ఆవిడ కిటికీలోంచి అరిచింది.

"వాడకూడనోళ్ళ సంతకం సెల్లదు తల్లీ" అని దండం పెట్టి, కూర్మయ్య కండక్టరు వైపు తిరిగాడు. "బాబూ, ఈయమ్మని ఆఫీసులో అప్పజెప్పి, కొత్తామెను పంపమను. సీలు తియ్యనామెను!"