కుమ్మరి వడికిన మూరెడు పోగు

అనగనగా ఒక నల్లగుట్ట. ఆ గుట్ట కింద ఒక గొర్రెల దొడ్డి. ఆ దొడ్డికి పెద్దదిక్కు కొమురవ్వ. ఉన్ని కత్తిరించినా ఆమే, రాట్నం తిప్పినా ఆమే, మగ్గం మీద గొంగడి నేసినా ఆమే. కోడలు సాయవ్వ చింతగింజల గంజి కాచి పోగులకు పట్టించేది.

దారిన పోయేవారు ఎవరైనా ఆ దొడ్డిలో ఆగేవారు. వచ్చినవారికి జొన్న గటక, పాలు, పడుకోవడానికి గొంగడి. కట్టుబాటు మాత్రం ఒకటుంది. తిన్నవారు మూరెడు పోగు వడికి పోవాలి. ఆ పోగు తరువాత నేసే గొంగట్లో కలవాలి. రాజుగారి బావమరిది వచ్చినా సరే, రాట్నం ముందు కూర్చోవలసిందే మరి!

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. గుట్ట మీద తప్ప ఎక్కడా పచ్చిక లేదు, ఆ గుట్టేమో రాజుగారిది. డొక్కలెండిన గొర్రెలను చూస్తే కొమురవ్వకు ముద్ద దిగేది కాదు. అప్పుడు రాజు చాటింపు వేయించాడు.

"నా కావలివారికి గొంగళ్లు కావాలి. నీరు దిగని గొంగడి తెచ్చినవారికి నల్లగుట్ట మేత హక్కు ఇస్తాను."

కొమురవ్వ మగ్గమెక్కిన రోజే కుండల కావడితో ఒక కుమ్మరి వచ్చాడు. గటక తిని రాట్నం ముందు కూర్చున్నాడు. మట్టికి అలవాటైన చేతులాయె, పోగు ఒకచోట వేలంత, ఒకచోట వెంట్రుకంత వచ్చింది.

"అత్తా, ఇది కలిపితే నీళ్లు కారుతయి. ఈ ఒక్కపారి పక్కన పెట్టు" అంది సాయవ్వ.

"గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుతవేందే? మనింట్ల తిన్న మనిషి చేతి పోగు పారేస్తే, పెట్టిన గటక పారబోసినట్టే" అంది కొమురవ్వ.

అన్నదే గానీ, ఆమెకూ లోపల భయమే. ఆ పోగును అంచున కలిపి నేసింది.

కొలువుకు మూడు గొంగళ్లు వచ్చాయి. భటులు నలుగురు కొసలు పట్టుకుని, నడుమ కడవెడు నీళ్లు పోశారు.

వర్తకుడు గవరయ్య గొంగడి ధారకట్టింది. "కడవ కాస్త పెద్దదైంది ప్రభూ" అన్నాడాయన.

పెద్ద మందల ఆసామి లచ్చన్న గొంగడి చుక్క రాల్చలేదు. అతడు దాన్ని గబగబా మడిచి చంకలో పెట్టుకున్నాడు.

కొమురవ్వ గొంగడీ చుక్క రాల్చలేదు.

"అయితే గుట్ట చెరి సగం" అన్నాడు రాజు. సాయవ్వ ఊపిరి పీల్చుకుంది.

కొమురవ్వ కదలలేదు. సగం గుట్ట చాలు, గొర్రెలు బతుకుతాయి. నోరు మూసుకుంటే సరిపోతుంది. కానీ వానలో ఆ గొంగడి కప్పుకునే కావలివాడు ఆమె కళ్ల ముందు మెదిలాడు.

"దొరా, నడుమ కాదు. ఈ అంచున పోయించు. ఇక్కడ అలవాటు లేని చెయ్యి వడికిన పోగుంది. కారుతది" అంది.

పోశారు. ఒక చుక్క రాలింది. రెండో చుక్క రాలింది. మూడో చుక్కా రాలింది. సాయవ్వ తల పట్టుకుంది.

రాజు లచ్చన్న వైపు తిరిగాడు. "నీ అంచు కూడా చూపు."

"పోయాల్సింది నడుమనే కదా ప్రభూ!" అని లచ్చన్న గొంగడిని గట్టిగా పట్టుకున్నాడు.

లాక్కుని పోస్తే అంచంతా జల్లెడే. ఉన్నికి బదులు నల్లరంగు పూసిన నూలుపోగులు బయటపడ్డాయి.

"ఎక్కడ తడుస్తుందో ముందే చెప్పిన గొంగడిని నా కావలివాడు నమ్మి కప్పుకుంటాడు. గుట్టంతా నీదే తల్లీ" అన్నాడు రాజు.

కొమురవ్వ అందరి గొర్రెలనూ గుట్ట ఎక్కనిచ్చింది. కట్టుబాటు మాత్రం మారలేదు. లచ్చన్న కూడా గటక తిని మూరెడు వడికాడు, కుమ్మరికన్నా అధ్వానంగా. కొమురవ్వ దాన్నీ నేసింది.

తన గొప్ప ఎవరైనా చెప్పుకుంటారు. తన లోపం తానే చూపినవారే నమ్మదగినవారు.