గడ్డిచేమంతి హద్దు

అనగా అనగా, గొర్రెల మందలు నడిచిందే బాటగా ఉన్న కాలంలో, సింగవరం రాజ్యపు పచ్చిక బయళ్ళలో బీరమ్మ అనే గొర్రెల కాపరి ఉండేది. ఆమెకు తెలిసిన మందు ఒక్కటే, గడ్డిచేమంతి. సన్నని కాడ, దాని చివర వేలిగోరంత పువ్వు, పువ్వు నడుమ పసుపు. ముల్లు చీరుకున్నా, కొడవలి కోసుకున్నా బీరమ్మ ఆ ఆకు కడిగి, నలిపి, గాయం మీద పసరు పిండేది. నెత్తురు ఆగేది.

ఒకనాడు వేటకు వచ్చిన రాజు వీరకేతుడు జారిపడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. బీరమ్మ పసరు పిండింది, నెత్తురు ఆగింది. ఇక రాజుగారి నోట ఎప్పుడూ ఆ ఆకు మాటే! సభలో అదే, భోజనం దగ్గరా అదే.

ఆ ఏడే రాణి రత్నాంగికి దగ్గితే నెత్తురు పడసాగింది. "ఆరు నెలలు మందూ పథ్యమూ కావాలి" అన్నాడు ఆస్థాన వైద్యుడు సోమయాజి. రాజుకు ఆరు రోజులే ఎక్కువ. ఆయన్ని పొమ్మని, బీరమ్మను పిలిపించాడు.

"నెత్తురు ఆపే ఆకు నీ దగ్గరుంది. రాణికి పసరు తాగించు. నూరు గొర్రెలిస్తాను."

"దొరా, అది తోలు తెగితే పూసేది. కడుపులోకి ఇచ్చేది కాదు" అంది బీరమ్మ.

మర్నాడు రాజు మళ్ళీ పిలిచాడు. "తాగించకపోతే నీ మంద ఈ బయళ్ళలో మేయదు."

మంద లేకపోతే బీరమ్మకు పూట గడవదు. అయినా చేతులు జోడించి, "నా వల్ల కాదు దొరా" అంది.

మూడోనాడు రాజు పిలవలేదు. తానే ఆమె గుడిసెకు నడిచి వచ్చి, గడపలో కూలబడ్డాడు. "ఆమె లేకపోతే నేను లేను తల్లీ" అని వెక్కివెక్కి ఏడ్చాడు.

బెదిరింపుకు లొంగని మనిషి ఆ కన్నీటికి కరిగిపోయింది. చెయ్యి ఆకు వైపు వెళ్ళింది కూడా. అంతలోనే వెనక్కి తీసుకుంది.

"దొరా, నాకో కూతురుండేది. పదేళ్ళది. దానికీ ఇలాగే నోటివెంట నెత్తురు పడింది. మీరనుకున్నట్టే నేనూ అనుకున్నా. మూడు పూటలు పసరు తాగించా. నాలుగో పూటకు పిల్ల లేదు. రోగం తీసుకుపోయిందో, నా చెయ్యే తీసుకుపోయిందో ఈనాటికీ నాకు ఎరుక లేదు. ఎరుక లేని మందు మీ ఇంటి దీపానికి ఎట్లా ఇయ్యను? నాడి తెలిసిన వైద్యుణ్ణి మీరే వెళ్ళగొట్టారు. కాళ్ళు పట్టుకునైనా తెచ్చుకోండి."

రాజు తల వంచుకున్నాడు. అక్కణ్ణుంచి నేరుగా సోమయాజి ఇంటికి వెళ్ళి, క్షమించమని వేడుకున్నాడు.

సోమయాజి మందుతో, పథ్యంతో ఆరు నెలలు గడిచాయి. రాణి దగ్గు తగ్గింది, మొహంలోకి కళ వచ్చింది. "ఏం కావాలమ్మా?" అని రాజు బీరమ్మను అడిగాడు. ఆమె గొర్రెలు కోరలేదు, బంగారం కోరలేదు. ఊరూరా దండోరా వేయించమంది.

"గడ్డిచేమంతి పసరు చిన్న గాయానికి పైపూత! తాగరాదహో! రోగమొస్తే వైద్యుడి దగ్గరికి పోవాలహో!"

ఆ కేక విన్న బీరమ్మ చచ్చిపోయిన బిడ్డను తలుచుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

పిల్లలూ, మందు గుణం తెలిస్తే చాలదు. దాని హద్దు తెలిసి, తెలియనిదాన్ని తెలియదని చెప్పగలిగినవారే ప్రాణం నిలుపుతారు.